అక్క గుమ్మం ముందు ప్రతి మంగళవారం వసూలు ఏజెంటు కూర్చుంటున్నాడు. సాయం ఎక్కడ అడగాలి?

కవిటి_తమ్ముడు
మాది కవిటి మండలం. నేను విశాఖలో ఒక గోదాములో పనిచేస్తున్నాను, నెలకు 14,000 వస్తాయి. అక్క, బావ ఊళ్లోనే ఉంటారు. బావ చెన్నైకి సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు. పోయిన ఏడాది కాళ్లు వాచి ఇంటికి వచ్చాడు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 7 ఉంది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. దగ్గరలో ఖాళీ దొరకక పలాస వెళ్తున్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అక్క జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. బావను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు ఆ కూలీ కూడా పోతుంది. ఆమె పేరున డ్వాక్రా రుణం ఒకటి, వారం వారం కట్టే మైక్రో ఫైనాన్స్ అప్పులు మూడు ఉన్నాయి. మొదటిది ఇంటి కప్పుకు, రెండోది మొదటిదాని వాయిదాలకు, మూడోది వైద్యానికి. మూడింటికీ కలిపి వారానికి 2,700. మంగళవారం ఉదయం ఏడింటికే ఏజెంటు గుమ్మం ముందు కూర్చుంటాడు. గ్రూపులోని ఆడవాళ్లు కూడా వచ్చి అక్కడే కూర్చుంటారు. పోయిన వారం పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మేనకోడలిని మాన్పించి విశాఖలో బట్టల దుకాణంలో పెట్టమని నన్నే అడుగుతోంది.

పింఛను సంగతి అడిగితే, అత్తగారికి వృద్ధాప్య పింఛను వస్తోంది కనుక ఆ ఇంటికి రెండోది రాదని ఎవరో చెప్పారట. మళ్లీ అటు వెళ్లలేదు.

నేను ఇక్కడ డబ్బు అడగడం లేదు. ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, అది చెప్పండి. ఆది, సోమ, మంగళవారాలు సెలవు పెట్టుకున్నాను.

పలాస_రైలుగేటు
రెండో పింఛను రాదన్నది తప్పు. మా ఇంట్లో నానమ్మకు వృద్ధాప్య పింఛను 4,000, నాన్నకు డయాలసిస్ పింఛను 10,000, రెండూ ఒకే బియ్యం కార్డు మీద వస్తున్నాయి. ఇంటికి ఒకటే అన్నది మామూలు పింఛన్ల మాట. డయాలసిస్ రోగులకు అందులో మినహాయింపు ఉంది. మీ అక్కగారు ఎవరో చెప్పిన మాట విని నెలకు పది వేలు వదులుకున్నారు.

ఊరి_సచివాలయం
నేను ఒక గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పైన చెప్పినది సరైనదే. డయాలసిస్ దాకా రానివారికి కూడా, క్రియాటినిన్ 5 దాటినట్టు పరీక్షలు చూపిస్తే ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద 10,000 వర్గంలోకి వస్తారు. చాలామందికి ఈ విషయం తెలియదు.

తమ్ముడూ, మీ బావగారి ఆధార్, బియ్యం కార్డు, ఆసుపత్రి ఇచ్చిన డయాలసిస్ పత్రం, పరీక్షల కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్, వీటన్నింటికీ రెండేసి నకళ్లు తీసి సచివాలయానికి వెళ్లండి. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోకుండా లేవకండి. "పెట్టాంలే, వెళ్లండి" అంటే వెళ్లకండి. ఆ సంఖ్య లేకపోతే తర్వాత మీ దరఖాస్తు ఎక్కడ ఉందో ఎవరూ చెప్పలేరు.

ఇంకొకటి. ఆరు అంచెల పరిశీలనలో ఆ ఇంటి వివరాలు ఎలా ఉన్నాయో అక్కడే చూపించమనండి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటినట్టు ఉన్నా, భూమి మాగాణి మూడెకరాలు దాటినట్టు ఉన్నా, కారు ఉన్నట్టు ఉన్నా దరఖాస్తు తిరిగి వస్తుంది. వేరేవాళ్ల మీటరు మీ బావగారి ఆధార్‌కు ముడిపడి ఉంటే ఆ యూనిట్లన్నీ ఆయన లెక్కలోకే వస్తాయి. ఇలాంటివి నేను స్వయంగా పదుల సంఖ్యలో చూశాను.

జీడితోట
సచివాలయం గారూ, మీరు మంచివారే కావచ్చు. మా అమ్మ దరఖాస్తు ఐదు నెలలు కదల్లేదు. వెళ్లిన ప్రతిసారీ సర్వర్ పనిచేయడం లేదన్నారు. రోజు కూలీ మానుకుని ఆరుసార్లు తిరగడం ఎవరి తరం? కాగితాలు పట్టుకెళ్లమని చెప్పడం తేలిక.

ఊరి_సచివాలయం
@జీడితోట మీ కోపం న్యాయమైనదే, నేను కాదనను. అందుకే రసీదు అని పదే పదే అంటున్నాను. రసీదు ఉండీ పని జరగకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. శ్రీకాకుళం కలెక్టరేట్ దాకా వెళ్లనక్కర్లేదు, మండల కేంద్రంలోనూ తీసుకుంటారు. 1100కు ఫోను చేసి కూడా నమోదు చేయించవచ్చు. నమోదైన అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. నోటిమాటకు అది వర్తించదు.

నాగావళి_ఒడ్డు
నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, శ్రీకాకుళం. అందరూ పింఛను గురించి చెబుతున్నారు, నా ప్రాణం ఆ పిల్ల దగ్గర ఆగిపోయింది.

నాయనా, అమ్మాయిని చదువు మాన్పించకండి. తల్లికి వందనం పథకం ఇంటర్ విద్యార్థులకు కూడా ఉంది. మంజూరయ్యే 15,000లో 13,000 తల్లి ఖాతాలో పడతాయి. మీ అక్కగారి ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందో లేదో ముందు బ్యాంకులో అడగండి. ఖాతా ఉండటం వేరు, ప్రభుత్వ సొమ్ము జమ కావడానికి ఆ ఖాతాను ఆధార్‌తో ముడిపెట్టడం వేరు. ఆ ముడి లేక సొమ్ము రాని తల్లులను ఎంతమందినో చూశాను. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఇల్లు గడవక చదువు ఆపేస్తామంటే కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ ఉంది, తిండి, వసతి అక్కడే.

నా సర్వీసులో తండ్రి జబ్బు పడ్డాడని "ఒక్క ఏడాదే, మళ్లీ పంపిస్తాం" అని మాన్పించిన ఆడపిల్లలు పదకొండు మంది. పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. తిరిగి వచ్చింది ఒక్కతే.

కవిటి_తమ్ముడు
మాస్టారూ, ఆ చివరి మాట అక్కకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోను పెట్టేసింది. పది నిమిషాల తర్వాత తనే చేసి ఆ కస్తూర్బా ఎక్కడుందని అడిగింది.

దుబాయ్_సోంపేట
మా ఊరి కుర్రాళ్లం దుబాయ్, కువైట్, హైదరాబాద్‌లలో ఉన్నవాళ్లం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. మీ బావగారి ఫోటో, ఆసుపత్రి కాగితాలు పంపితే రెండు రోజుల్లో ఇరవై, ముప్పై వేలు పోగవుతాయి. వచ్చిన సొమ్ము ఊళ్లో పెద్దల చేతుల మీదుగా అందిస్తాం.

జీడితోట
ఫోటో ఎందుకు?

దుబాయ్_సోంపేట
@జీడితోట ఇచ్చేవాళ్లకు నమ్మకం కోసం. దొంగ కేసులు కూడా వస్తున్నాయి కదా.

బొబ్బిలి_వీణ
నాకు ఇది అస్సలు నచ్చదు. మా పిన్ని కూతురికి ఇలాగే బియ్యం బస్తా, పది వేలు ఇచ్చి, ఐదుగురు చుట్టూ నిలబడి ఫోటో తీసి అందరికీ పంపారు. ఆ ఫోటో పెళ్లివారి దాకా వెళ్లింది. పది వేలు నెలలో ఖర్చయిపోయాయి, ఫోటో ఇప్పటికీ తిరుగుతోంది. సాయం చేసేవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ తీసుకునే మనిషికి కూడా ముఖం ఉంటుంది. కాగితాలు ఇద్దరు పెద్దమనుషులు చూసి సరేనంటే సరిపోదా?

దుబాయ్_సోంపేట
@బొబ్బిలి_వీణ మీరు చెప్పిన కోణంలో నేను ఆలోచించలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మేం మొదలుపెట్టాం. అప్పుడు ఊరంతా ఒకటే కష్టం, కొబ్బరిచెట్టు నిలబడ్డ ఇల్లు లేదు. ఎవరి ఫోటో ఎవరు చూసినా సిగ్గు లేదు. అదే పద్ధతి అలా సాగిపోయింది. ఒక ఇంటి కష్టానికి అది సరిపోదని ఇప్పుడు అర్థమవుతోంది. గ్రూపులో మాట్లాడతాను.

సెంటర్_లీడర్_దేవి
ఏజెంటు పక్కన వచ్చి కూర్చునే ఆడవాళ్ల గురించి రాశారు కదా, నేను అలాంటి ఆడదాన్నే. మా ఊరి సెంటర్‌కు, అంటే కలిసి అప్పు తీసుకున్న ఆడవాళ్ల గ్రూపుకు, లీడర్‌ను. నన్ను తిట్టే ముందు ఒక మాట వినండి.

పదిమందిమి కలిసి సంతకాలు పెట్టాం. ఒకామె కట్టకపోతే ఏజెంటు ఎవరినీ లేవనివ్వడు. "మీరు పోగుచేసి కట్టండి, లేకపోతే వచ్చే విడత అప్పు ఎవరికీ లేదు" అంటాడు. ఉపాధి పనికి వెళ్లాల్సిన సమయం దాటిపోతుంది. ఇంట్లో పసిపిల్లలు ఏడుస్తుంటారు. నిరుడు మా సెంటర్‌లో ఒకామె భర్త చనిపోతే మూడు వారాలు మిగతావాళ్లం తలా 80 రూపాయలు వేసుకుని కట్టాం. నాలుగో వారం మా దగ్గర లేవు. అప్పుడు నేనే ఆమె గుమ్మం ముందు కూర్చున్నాను. ఆమె నాకు చిన్నప్పటి స్నేహితురాలు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు.

మీ అక్కగారి ముందు కూర్చునేవాళ్లలో సగంమంది అదే మంగళవారం తమ వాయిదా కూడా ఎవరి దగ్గరో అప్పు తెచ్చి కట్టినవాళ్లే అయి ఉంటారు.

కవిటి_తమ్ముడు
@సెంటర్_లీడర్_దేవి అమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేను వాళ్లను శత్రువుల్లా చూశాను, తప్పు. ఆదివారం అక్క సెంటర్ లీడర్ ఇంటికి ముందు వెళ్తాను.

పలాస_రైలుగేటు
అసలు మన రాష్ట్రంలో వారం వారం వసూలు చేయడమే నిషేధం కదా? 2010లో చట్టం చేశారు.

కోర్టు_మెట్లు
నేను న్యాయవాదిని. 2010లో మైక్రో ఫైనాన్స్ అప్పులు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల తర్వాత రాష్ట్రం చట్టం చేసిన మాట నిజమే. కానీ రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆ చట్టం పేరు చెప్పి ఏజెంటుతో వాదించకండి, అతను నవ్వేసి కూర్చుంటాడు. రిజర్వు బ్యాంకు సొంత నియమాలనే పట్టుకోండి. అవి 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి.

వాటి ప్రకారం వసూలు ఇద్దరూ ఒప్పుకున్న ఒక నిర్ణీత చోట జరగాలి. వరుసగా రెండుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, బంధువుల, ఇరుగుపొరుగు వాళ్ల ముందు అవమానించకూడదు. ఏడింటికి గుమ్మం ముందు కూర్చోవడం ఏ రకంగానూ చెల్లదు.

అన్నింటికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. ఒక కుటుంబం కట్టే అప్పుల వాయిదాలన్నీ కలిపి దాని నెల ఆదాయంలో సగం దాటకుండా చూసుకోవాల్సిన బాధ్యత అప్పు ఇచ్చేవాళ్లదే. వారానికి 2,700 అంటే నెలకు 11,000 పైన. జీడిపిక్కలు ఒలిచే ఇంట్లో అది సగమా? మూడో అప్పు ఇచ్చిన రోజు ఆ ఆదాయం ఎంతని రాసుకున్నారో చూపించమని అడగండి.

చేయాల్సిన పని: మూడు సంస్థలకూ విడివిడిగా ఉత్తరం రాయండి. భర్త డయాలసిస్‌లో ఉన్నాడని, వాయిదా మొత్తం తగ్గించి గడువు పెంచమని, వసూలు వేళలు పాటించమని. నకలు మీద తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సమాచారానికి 14448.

ఉత్తరం రాయడం రాకపోతే సోంపేట కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోను 15100. మీ అక్కగారు కోర్టు అనగానే భయపడతారు, అది కేసు వేయడం కాదని ముందే చెప్పండి.

పలాస_రైలుగేటు
ఇంతకాలం తప్పు సమాచారం పంచుతున్నాను అన్నమాట. మంచి పని చేశారు సార్.

జీడితోట
అప్పు మాఫీ అవుతుందా?

కోర్టు_మెట్లు
కాదు. ఆ ఆశ ఎవరూ పెట్టవద్దు. తీసుకున్నది తీర్చాల్సిందే. మనిషిని నలిపేయకుండా తీర్చుకోవాలన్నదే నియమం. ఇంకో మాట, ఊళ్లో వడ్డీకి తెచ్చిన ప్రైవేటు అప్పులు ఏమైనా ఉంటే, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం ఇచ్చారేమో అడిగి తెలుసుకోండి. పుస్తెలతాడు తాకట్టుకు రసీదు ఉందా?

కవిటి_తమ్ముడు
రసీదు లేదు. చీటీ ముక్క మీద బరువు రాసి ఇచ్చాడట.

కోర్టు_మెట్లు
తేదీ, బరువు, ఇచ్చిన సొమ్ము, వడ్డీ రాసి సంతకం పెట్టించుకోండి. మీరు పక్కన నిలబడితే ఇస్తాడు.

గంటస్తంభం_విజయనగరం
నేను జూట్ మిల్లు కార్మికుణ్ణి. మిల్లు మూతపడి రెండేళ్లు దాటింది. మూసిన మొదటి నెల నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఉదయం క్యారేజీ పట్టుకుని బయలుదేరి రైల్వే స్టేషన్లో కూర్చుని, షిఫ్టు దిగే వేళకు ఇంటికి వచ్చేవాణ్ణి. మా ఆవిడకు ఇరవై రోజుల తర్వాత తెలిసింది, అదీ కిరాణా కొట్టు దగ్గర. ఆమె అన్నది ఒక్కటే: "ఈ ఇరవై రోజులు మనం ఇద్దరం వెతికి ఉండేవాళ్లం కదా."

మీ అక్కగారు తిరిగి అటు వెళ్లలేదని రాశారు చూడండి, అది బద్ధకం కాదు. ఒకసారి కాదనిపించుకున్న గుమ్మం రెండోసారి ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీరు పక్కన నడిస్తే ఎక్కుతారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి ఉంది. మా వీధిలో ఒకతను గుండెపోటుతో చనిపోయాడు. ఆరు నెలల తర్వాత వాళ్లమ్మాయి పాస్‌బుక్ తెచ్చి నాతో చదివించుకుంది. ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయి ఉన్నాయి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. బ్యాంకుకు వెళ్తే రెండు లక్షలు వచ్చాయి. ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. 20 రూపాయలు కట్ అయితే అది ప్రమాద బీమా. మీ అక్క, బావల పాస్‌బుక్‌లలో ఈ రెండు అంకెలు ఉన్నాయేమో చూడండి. ఖాతాలో ఆ రోజుకు సొమ్ము లేకపోతే బీమా ఆగిపోతుంది, అది మాత్రం ఆగనివ్వకండి.

బొబ్బిలి_వీణ
ఇది చదివి లేచి వెళ్లి మా అమ్మ పాస్‌బుక్ తీశాను. 436 ఉంది. ఆమెకు తెలియదు.

ఊరి_సచివాలయం
తమ్ముడూ, మరచిపోయాను. బియ్యం కార్డులో మీ బావగారి పేరుకు ఈకేవైసీ (ఆధార్‌తో నిర్ధారణ) అయిందో లేదో చూడండి, చెన్నైలో ఉన్నవాళ్లవి చాలా మిగిలిపోయాయి. అత్తగారి వయసు 65 దాటి ఉంటే రేషన్ ఇంటికే తెచ్చి ఇస్తారేమో డీలరును అడగండి, ఇస్తే అక్కగారు కూలీ మానుకుని వరుసలో నిలబడనక్కర్లేదు.

కవిటి_తమ్ముడు
మంగళవారం రాత్రి. విశాఖ బస్సులో కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం సెంటర్ లీడర్ ఇంటికి అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. దేవి గారు రాసిన మాటే ఆవిడా చెప్పింది, ఇంచుమించు అవే మాటలు. బావ ఆసుపత్రి కాగితాలు చూపించాను. డయాలసిస్ సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదట. వాళ్లకు అక్క "కాస్త నలతగా ఉన్నాడు" అని మాత్రమే చెప్పింది. ఆవిడ చాలాసేపు అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సోమవారం సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. అక్క దాన్ని మడిచి పసుపు డబ్బాలో పెట్టుకుంది. కానీ పరిశీలనలో కరెంటు 340 యూనిట్లు చూపిస్తోంది. ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. మీటర్లు రెండు ఉన్నాయట, రెండోది ఎక్కడిదో మాకు తెలియదు.

ఉత్తరాలు మూడూ ఇచ్చాను. రెండు చోట్ల ముద్ర వేశారు. మూడోచోట తీసుకోనన్నారు, స్పీడ్ పోస్టులో పంపాను. ఈ ఉదయం ఏజెంటు తొమ్మిదిన్నరకు వచ్చాడు. ఇంటికి కాదు, సెంటర్‌కు. అక్క ఒక వాయిదా కట్టింది, రెండింటికి ఉత్తరం నకలు చూపించింది. నేను దూరంగా నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

మేనకోడలు సోమవారం కళాశాలకు వెళ్లింది. తాకట్టు చీటీ మీద సంతకం అయింది. పాస్‌బుక్‌లో 20 ఉంది, 436 లేదు.

ఊరి_సచివాలయం
రెండో మీటరు సర్వీసు నంబరు మీ దరఖాస్తు వివరాల్లోనే ఉంటుంది. దాన్ని రాసుకుని మీ సెక్షన్ విద్యుత్ కార్యాలయానికి వెళ్తే ఎవరి ఇల్లో చెబుతారు. బావగారి ఆధార్‌ను ఆ సర్వీసు నుంచి తొలగించమని అర్జీ ఇవ్వాలి. తొలగించినట్టు కాగితం తెచ్చి సచివాలయంలో ఇస్తే మళ్లీ పరిశీలనకు పంపుతారు. మీరు విశాఖలో ఉంటే ఇది ఎవరు చేస్తారు?

కవిటి_తమ్ముడు
అక్క తనే వెళ్తానంటోంది. సెంటర్ లీడర్ తోడు వస్తానన్నారు.

సెంటర్_లీడర్_దేవి
ఆవిడకు నా నమస్కారం చెప్పండి. నేను రేపు మా స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నాను. ఈసారి మంగళవారం కాదు.

కంచిలి_ఆటో
ఇన్ని రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా అన్నయ్యను నేనే ఆటోలో పలాస డయాలసిస్‌కు తీసుకెళ్తాను. వెనక సీటు ఖాళీగానే వెళ్తుంది. మీ బావగారికి ఏయే రోజులు?

కవిటి_తమ్ముడు
బుధవారం, శనివారం. మధ్యాహ్నం షిఫ్టు.

కంచిలి_ఆటో
మాదీ మధ్యాహ్నమే, బుధ, శని. పదకొండింటికి కంచిలి కూడలి దగ్గర ఉండమనండి. పసుపు ఆటో, వెనక అరసవల్లి సూర్యనారాయణ స్వామి బొమ్మ ఉంటుంది. డీజిల్ ఖర్చు ముగ్గురం పంచుకుందాం. ఆ రోజు మీ అక్కగారు పనికి వెళ్లవచ్చు, దింపడం, ఎక్కించడం నేను చూసుకుంటాను.

కవిటి_తమ్ముడు
అన్నా, రేపే బుధవారం.

కంచిలి_ఆటో
తెలుసు. పదకొండింటికి.